తిరగబోసే ట్రాలీ: మట్టి మోతలో దాగిన శాస్త్రం

మేము నివసించే బ్యోబ్లింగెన్ పట్టణం నడుమ రెండు చెరువులున్నాయి. ఒకటి పై చెరువు, రెండవది కింది చెరువు. సాయంకాలం వాటి గట్ల మీద నడిచేటప్పుడు వరంగల్లు జిల్లాలోని మా ఊరి చెరువుకట్ట నాకు గుర్తుకు రాని రోజు ఉండదు. అయితే ఈ వ్యాసం చెరువుల గురించి కాదు. చెరువులో పూడిక తీసినా, కట్ట పోసినా, రోడ్డు వేసినా, ఇంటికి పునాది తవ్వినా తప్పనిసరిగా కనిపించే ఒక సామాన్యమైన బండిని గురించి. ట్రాక్టరు వెనుక కట్టి, మట్టి నింపి, తీసుకెళ్ళి తిరగబోసే ఆ బండిని మా వైపు ట్రాలీ అంటారు, కోస్తా జిల్లాల్లో ట్రక్కు అంటారు. జర్మన్లు దానిని కిప్పర్ అంటారు. ‘ఒరిగించేది’ అని దాని అర్థం.

ఒక వేసవి ఆదివారం నాడు ఇక్కడికి దగ్గరలోని ఒక గ్రామంలో పాత ట్రాక్టర్ల ప్రదర్శన జరుగుతుంటే పిల్లలతో వెళ్ళాము. మన రైతులకు ఒంగోలు గిత్తలంటే ఎంత అభిమానమో, ఈ ప్రాంతపు రైతులకు పాత ట్రాక్టర్లంటే అంత అభిమానం. వరుసలో ఒక నీలిరంగు ఐషర్ ట్రాక్టరు కనబడగానే నా అడుగు ఆగిపోయింది. బవేరియాలోని ఫోర్స్టెర్న్ గ్రామంలో ఐషర్ సోదరులు 1936లో తమ తొలి ట్రాక్టరును తయారు చేశారు. వారి సాంకేతిక సహకారంతోనే 1959లో ఫరీదాబాదులో భారతదేశపు తొలి ట్రాక్టరు తయారైంది. మా ఊళ్ళో మట్టి తోలిన మొదటి ట్రాక్టరు పేరూ ఐషరే.

దాని యజమాని ఒక వృద్ధుడు. వెనుక కట్టిన పాత కిప్పర్ తొట్టిలో మట్టి నింపి, పిల్లల కోసం దానిని నెమ్మదిగా పైకి లేపి ఒరిగించి చూపించాడు. ఆ తర్వాత తొట్టి కింది భాగం చూపించే ముందు ఒక ఇనుప ఊతకర్రను తీసి, లేచిన తొట్టికీ కింది చట్రానికీ నడుమ ఆనించాడు. అది కుదురుకున్నదో లేదో చేతితో కదిపి చూసి, అప్పుడు గాని పిల్లలను దగ్గరకు రానివ్వలేదు.

పదకొండేళ్ళ మా అమ్మాయి ఇంటికి వచ్చే దారిలో రెండు ప్రశ్నలు వేసింది. “అమ్మా, అంత చిన్న ట్రాక్టరు అంత మట్టిని ఎట్లా ఎత్తింది?” అన్నది మొదటిది. “ఎత్తిన తర్వాత ఆ తాత ఇనుపకర్ర ఎందుకు పెట్టాడు?” అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం భౌతికశాస్త్రంలో ఉన్నది. రెండవదానికి సమాధానం మా ఇంటి కథలో ఉన్నది. ఒక్కొక్కటిగా మనవి చేస్తాను.

తట్ట నుండి ట్రాలీ దాకా

మట్టిని తవ్వడం కన్న మోయడం కష్టం. తవ్వే పనిలో గడ్డపారకు భూమి కొంత సహకరిస్తుంది. మోసే పనిలో బరువంతా మనిషిదే. కాకతీయుల కాలంనాటి రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కట్టలను చూసినప్పుడు వాటి నిర్మాణ చాతుర్యాన్ని మెచ్చుకుంటాము. కాని ఆ కట్టలలోని ప్రతి పిడికెడు మన్నూ ఎవరో ఒకరి నెత్తి మీదనో, కావడి మీదనో, పశువుల వీపు మీదనో వచ్చి చేరినదే. తెలుగునాట తరతరాలుగా ఆ పనిని వృత్తిగా చేసినవారు వడ్డెరలు. మట్టి స్వభావాన్ని చేతితో నలిపి చెప్పగల నేర్పు వారిది.

లెక్క వేసి చూద్దాం. ఒక తట్టలో పట్టే మట్టి సుమారు 20 కిలోలు. సాధారణమైన ట్రాలీలో 3 ఘనపు మీటర్ల మట్టి, అనగా తేమను బట్టి దాదాపు 5 టన్నులు పడుతుంది. అంటే ఒక్క ట్రాలీ 250 తట్టలకు సమానం. ఒక తట్టను నేల మీది నుండి నెత్తికి, సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తుకు లేపడానికి 300 జౌళ్ళ పని జరుగుతుంది. 250 తట్టలకు అది 75 వేల జౌళ్ళు. మోసుకొని నడిచిన దూరం, ఎక్కిన కట్ట, తల మీద కాచిన ఎండ ఈ లెక్కలోకి రాలేదు. ఈ 75 వేల సంఖ్యను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాము.

మోసే భారం తగ్గించడానికి మనిషి చేసిన మొదటి ప్రయత్నం చక్రం. ఎడ్లబండి మీద మట్టి తోలేవారు ఎడ్లను విప్పి, కాడిని పైకి లేపి, బండిని వెనక్కు ఒరిగిస్తే మట్టి జారిపోయేది. ప్రపంచంలోని తిరగబోసే బండ్లన్నిటికీ మూలం ఇదే. రెండవ ప్రయత్నం పట్టాలు. 1840లలో కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పనుల కోసం రాయి చేరవేయడానికి పట్టాలు వేశారు. మనదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుండి ఠాణాకు నడవడానికి ముందే గోదావరి ఒడ్డున రాళ్ళు రైలెక్కాయన్న మాట!

అయినా మనుషుల మోత చాలాకాలం పోలేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్‌లో 124 మీటర్ల ఎత్తైన రాతి ఆనకట్ట, దానికి రెండు వైపులా మట్టికట్టలు ఉన్నాయి. అంతటి నిర్మాణంలోనూ తట్టలు మోసిన స్త్రీ పురుషుల శ్రమే ప్రధానం.

అదే కాలంలో ఈ దేశంలో ఏమి జరిగిందో కూడా చూడండి. రెండవ ప్రపంచయుద్ధంలో స్టుట్‌గార్ట్ నగరం బాంబు దాడులకు శిథిలమైంది. ఆ శిథిలాలలో సుమారు 15 లక్షల ఘనపు మీటర్లను 1953 నుండి 1957 వరకు నగరపు అంచున ఉన్న బిర్కెన్‌కోఫ్ అనే కొండ మీద పోశారు. ఆ కొండ దాదాపు 40 మీటర్లు పెరిగింది! మన ట్రాలీ లెక్కలో అది 5 లక్షల ట్రాలీల మోత. పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళండి. శిఖరం మీద చెక్కిన రాళ్ళు, విరిగిన స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

గురుత్వాన్ని కూలికి పెట్టుకోవడం

తిరగబోసే బండి చరిత్రనంతా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: మట్టిని దించే పనిని మనిషి చేతి నుండి తప్పించి భూమ్యాకర్షణకు అప్పగించడం. పారతో మట్టిని దించితే ప్రతి పారెడు మన్నునూ మనం విసరాలి. తొట్టిని ఒరిగిస్తే మట్టి తనంతట తానే జారుతుంది. గురుత్వం కూలి అడగదు, అలసిపోదు. అయితే అది ఎవరి మాటా వినదు. ఈ చివరి వాక్యాన్ని వ్యాసం చివరిదాకా మరువవద్దు.

మొదటి తరం బండ్లలో ఏ యంత్రమూ లేదు. వాటి కిటుకంతా గరిమనాభిలో ఉన్నది. ఒక వస్తువు బరువంతా ఏ బిందువు దగ్గర కేంద్రీకృతమైనట్లు భావించవచ్చునో దానిని గరిమనాభి అంటారు. తొట్టిని ఇరుసు మీద ఎలా అమర్చుతారంటే, నిండుగా ఉన్నప్పుడు దాని గరిమనాభి ఇరుసుకు కొంచెం అవతలకు వస్తుంది. ఒక కొక్కెం దానిని పడిపోకుండా పట్టి ఉంచుతుంది. కొక్కెం తీయగానే తొట్టి తన బరువుతో తానే ఒరిగి మట్టిని పోసేస్తుంది. ఖాళీ అయ్యాక గరిమనాభి ఇరుసుకు ఇవతలకు మారుతుంది గనుక తొట్టి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. మన పల్లెల్లోని ఏతం పనిచేసేదీ ఇరుసుకు ఇరువైపులా బరువులను సరితూచే ఈ పద్ధతిలోనే. జర్మనీలో గనులలోనూ, ఇటుక బట్టీలలోనూ, యుద్ధానంతరం శిథిలాలు తొలగించిన చిన్న రైళ్ళలోనూ ఇటువంటి తొట్లే ఉండేవి.

అమెరికాలో 1920లలో గొలుసుపట్టాల ట్రాక్టర్లు విస్తరించాక వాటి వెనుక పెద్ద పెద్ద మట్టిబండ్లను కట్టసాగారు. కొన్నిటికి అడుగున తలుపులుండేవి. గొళ్ళెం తీస్తే మట్టి కిందికే పడిపోతుంది, ఒరిగించే పనే లేదు. బురదలో దిగబడకుండా ఏథీ అనే కంపెనీ బండ్లకు సైతం చక్రాలకు బదులు గొలుసుపట్టాలు అమర్చింది. ఈనాటి భారీ టిప్పర్లకు ఆ పాత బండ్లే పూర్వీకులు.

రెండు చెంచాల డీజిలు

ఇప్పుడు మా అమ్మాయి మొదటి ప్రశ్నకు వద్దాం. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ ఒక నియమం చెప్పాడు. మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, ఆ పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుంది. ఈ నియమాన్ని ఆధారం చేసుకొని 1795లో ఇంగ్లండులో బ్రామా అనే ఆయన ద్రవపీడన యంత్రాన్ని నిర్మించాడు. ట్రాక్టరులో ఉండేది దాని మనుమడే.

ట్రాక్టరులోని చిన్న పంపు నూనెను ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోల పీడనంతో నెడుతుందనుకుందాం. ట్రాలీ కింద ఉన్న స్తూపంలోని ముషలకం, అనగా పిస్టను, వ్యాసం 10 సెంటీమీటర్లు అయితే దాని వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఈ రెండిటినీ గుణిస్తే వచ్చే బలం దాదాపు 11,775 కిలోలు, అంటే పదకొండు టన్నులకు పైమాటే! గుప్పెటలో పట్టే పంపు ఏనుగుల పని చేస్తున్నది.

ఇది చాలునా? తొట్టి బరువు ఒక టన్ను, మట్టి ఐదు టన్నులు, మొత్తం ఆరు టన్నులు. తొట్టి పొడవు 3.6 మీటర్లు. వెనుక అంచున కీలు ఉన్నది గనుక గరిమనాభి కీలుకు 1.8 మీటర్ల దూరంలో ఉంటుంది. స్తూపాన్ని కీలుకు 1.2 మీటర్ల దూరంలో అమర్చితే, తులాదండ సూత్రం ప్రకారం కావలసిన బలం 6 ను 1.8 తో గుణించి 1.2 తో భాగించగా 9 టన్నులు. మన దగ్గర పదకొండు టన్నులకు పైగా ఉన్నది. తొట్టి లేస్తుంది.

ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. అతి కష్టమైన క్షణం మొదటిదే. తొట్టి 45 డిగ్రీలకు చేరేసరికి గరిమనాభి కీలుకు అడ్డంగా ఉన్న దూరం కనీసం 30 శాతం తగ్గిపోతుంది. ఆపైన మట్టి జారుతూ ఉంటుంది గనుక బరువూ తగ్గుతుంది. ఇంజనీర్లు ఈ సంగతిని ఉపయోగించుకొని స్తూపాన్ని దూరదర్శిని గొట్టంలాగా ఒకదానిలో ఒకటి ఇమిడే ముక్కలుగా చేశారు. మొదట లావు ముక్క కదిలి పెద్ద బలంతో నెమ్మదిగా లేపుతుంది. తర్వాత సన్నని ముక్కలు తక్కువ బలంతో, కాని ఎక్కువ వేగంతో బయటికి వస్తాయి.

మరి ఖర్చెంత? తొట్టి 45 డిగ్రీలు లేచేటప్పుడు ఆరు టన్నుల గరిమనాభి సుమారు 1.27 మీటర్లు పైకి లేస్తుంది. జరిగిన పని 75 వేల జౌళ్ళు. ఇందాక 250 తట్టలకు వేసిన లెక్క గుర్తున్నదా? అదీ ఇంతే! ఒక గుంపు కూలీలు తట్టలను నెత్తికెత్తుకోవడానికి వెచ్చించిన శక్తిని ఈ యంత్రం 20 సెకన్లలో ఇస్తుంది. అందుకు 5 అశ్వసామర్థ్యం చాలు. 30, 35 అశ్వసామర్థ్యం గల ట్రాక్టరుకు అది లెక్కలోనిది కాదు. లీటరు డీజిలులో సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్ళ శక్తి ఉన్నది. ఇంజను, పంపు కలిసి అందులో ఐదవ వంతు మాత్రమే పనిగా మార్చగలిగినా, ఈ ఎత్తుడుకు పట్టే డీజిలు 10 మిల్లీలీటర్లు. రెండు టీ చెంచాలన్న మాట! నెత్తి మీద తట్ట మోసిన మా అమ్మమ్మకు ఈ లెక్క చెప్పగలిగి ఉంటే ఆమె నవ్వేదో, కళ్ళు తుడుచుకునేదో తెలియదు.

ట్రాక్టరు పంపుతో పనిముట్లను లేపే పద్ధతిని ప్రజాదరణకు తెచ్చినవాడు ఐర్లండుకు చెందిన హారీ ఫెర్గూసన్. 1946లో వచ్చిన ఆయన చిన్న ట్రాక్టరుకు జోడుగా తిరగబోసే ట్రాలీ కూడా ఉండేది. దానికి ఒకే ఇరుసు, అదీ బాగా వెనుకకు. దానివల్ల ట్రాలీ బరువులో కొంత ట్రాక్టరు వెనుక చక్రాల మీద పడి, బురదలో అవి జారకుండా పట్టు దొరికేది. బరువును శత్రువుగా కాక మిత్రుడుగా వాడుకోవడమంటే ఇదే. ఆయన పేరు మిగిలిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మద్రాసులోని టాఫే సంస్థ 1960ల నుండి తయారు చేసింది గనుక మన పల్లెలకు ఆ పేరు కొత్త కాదు.

జర్మన్లు మరొక అడుగు వేశారు. మేము చూసిన పాత కిప్పర్ వెనక్కే కాక కుడికీ ఎడమకూ కూడా ఒరుగుతుంది. తొట్టి నాలుగు మూలలా గుండ్రని కీళ్ళున్నాయి. ఏ వైపు ఒరగాలో ఆ వైపు రెండు కీళ్ళకు మాత్రమే చీలలు పెట్టి, మిగిలినవి తీసివేస్తారు. మధ్యలో ఉన్న స్తూపం అన్ని వైపులకూ వంగగల బంతికీలు మీద నిలిచి ఉంటుంది. పొరపాటున చీలలను ఐమూలగా పెడితే తొట్టి మెలిపడి చట్రం మీది నుండి ఊడిపడే ప్రమాదం ఉన్నది. అందుకే చీలలను వేరువేరు కొలతలతో చేసి, తప్పు చోట దూరకుండా చేశారు. మనిషి పొరపాటు పడతాడని ముందే ఊహించి యంత్రాన్ని తయారు చేయడం మంచి ఇంజనీరింగు లక్షణం.

మట్టి ఎందుకు జారదు?

ఇంతవరకు భౌతికశాస్త్రం. ఇక్కడి నుండి నా వృత్తి అయిన రసాయనశాస్త్రం మొదలవుతుంది. తొట్టి ఒరగగానే మట్టి జారాలి గదా! కాని కొన్నిసార్లు 50 డిగ్రీలు లేపినా అది కదలదు.

పొడి ఇసుకను కుప్పగా పోస్తే దాని వాలు 30 నుండి 35 డిగ్రీల వద్ద నిలుస్తుంది. దీనిని విరామకోణం అంటారు. రేణువుల నడుమ ఘర్షణ ఎంత ఎక్కువైతే ఈ కోణం అంత ఎక్కువ. తొట్టిని ఇంతకు మించి ఒరిగిస్తే పొడి ఇసుక ఆగదు. కాని బంకమట్టికి ఘర్షణతో పాటు బంక కూడా ఉన్నది. అది ఎక్కడిది?

మన నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైటు అనే ఖనిజం ఉంటుంది. దాని నిర్మాణం పుస్తకంలోని పుటల వంటిది. ఒక్కొక్క పుట మందం మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఆ పుటలన్నిటినీ విడదీసి పరిస్తే ఒక్క గ్రాము ఖనిజానికి 700 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం వస్తుంది! పుటల మీద ఋణ విద్యుదావేశం ఉంటుంది. దానిని సరితూచడానికి సోడియం, కాల్షియం వంటి ధన అయానులు పుటల నడుమ చేరతాయి. ఆ అయానులు నీటి అణువులను ఆకర్షించి పట్టుకుంటాయి. అందుకే రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. రెండు గాజు పలకల మధ్య ఒక నీటిబొట్టు వేసి నొక్కి, వాటిని విడదీయడానికి ప్రయత్నించండి. ఎంత గట్టిగా పట్టుకుంటాయో తెలుస్తుంది. తొట్టి అడుగున ఉన్న ఇనుప రేకుకూ, తడి బంకమట్టికీ నడుమ జరిగేది అదే.

అయితే నీరు మరీ ఎక్కువైతే మట్టి బురదై పారుతుంది. మరీ తక్కువైతే పెళ్ళలై రాలుతుంది. ఈ రెండిటికీ నడుమ ముద్దగా ఉండే స్థితే అతి జిగురైనది. ఈ హద్దులను కొలిచే పద్ధతులను 1911లో నిర్దేశించిన ఆటర్‌బర్గ్ స్వీడనుకు చెందిన రసాయన శాస్త్రవేత్త. కట్టలు, రోడ్లు కట్టే ఇంజనీర్లు ఈనాటికీ ఆయన పేరుతోనే ఆ హద్దులను పిలుస్తారు. మా వృత్తివారు మట్టికి చేసిన సేవ ఇది!

పిల్లలు వంటింట్లోనే ఒక ప్రయోగం చేయవచ్చు. ఒక స్టీలు పళ్ళెంలో ఒక పక్క పిడికెడు బియ్యం, మరొక పక్క పిడికెడు పొడి గోధుమపిండి, మధ్యలో తడిపి కలిపిన పిండిముద్ద ఉంచండి. పళ్ళేన్ని ఒక అంచు మీద నిలిపి మెల్లగా పైకి లేపండి. ఏది ఏ కోణం దగ్గర జారుతుందో కోణమానినితో కొలిచి రాసుకోండి. తర్వాత పిండిముద్ద కింద కొంచెం పొడిపిండి చల్లి మళ్ళీ చేయండి. చపాతీలు చేసే ప్రతి ఇల్లాలికీ తెలిసిన ఈ ఉపాయం మన ట్రాలీ డ్రైవర్లకూ తెలుసు. తడిమట్టి నింపే ముందు తొట్టి అడుగున ఇంత బూడిదో, పొడి ఇసుకో, ఊకో చల్లితే నీటిపొర రేకుకు తగలక మట్టి సులువుగా జారుతుంది.

ఇనుపకర్ర ఎందుకు?

ఇక రెండవ ప్రశ్న. నేను ఎనిమిదవ తరగతిలో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం మా ఊరి చెరువులో పూడిక తీశారు. చెరువు మట్టిని పొలాలకు తోలుతున్నారు. కిరాయికి తెచ్చిన ట్రాలీని నడుపుతున్నది మా చిన్నాన్న. తొట్టి పైకి లేచింది. మట్టి సగం జారి, సగం అంటుకుపోయింది. కింద గొట్టం దగ్గర నూనె కారుతున్నదని ఎవరో కేకవేశారు. చిన్నాన్న దిగి, లేచి ఉన్న తొట్టి కిందికి వంగి, బిగించి చూద్దామని చెయ్యి పెట్టాడు. రబ్బరు గొట్టం పగిలింది. తొట్టి పడడానికి ఒక్క క్షణం పట్టింది. తల వెనక్కు తీసుకోగలిగాడు గాని చెయ్యి తీసుకోలేకపోయాడు. కుడి ముంజేయి పోయింది.

పైకి లేచిన తొట్టిని నిలిపి ఉంచేది ఏమిటో ఆలోచించండి. ఇనుము కాదు. స్తూపంలో బంధింపబడిన నాలుగు గుక్కెళ్ళ నూనె, దానిని ఆపుతున్న వేలెడు లావు రబ్బరు గొట్టం. ఎండకు, నూనెకు, కాలానికి రబ్బరులోని అణువుల గొలుసులు తెగుతాయి, గొట్టం పెళుసు బారుతుంది. బయటికి అది కొత్తదానిలాగానే కనిపించవచ్చు. గొట్టం తెగితే నూనె చిమ్ముతుంది, తొట్టిని లేపడానికి 20 సెకన్లలో ఖర్చు చేసిన శక్తి అంతా దాదాపు ఒక్క సెకనులో తిరిగి వస్తుంది. గురుత్వం ఎవరి మాటా వినదని మొదట చెప్పినది ఇందుకే. ఆ జర్మన్ వృద్ధుడు ఆనించిన ఇనుపకర్రకు గొట్టంతో పనిలేదు. నూనె ఉన్నా పోయినా తొట్టి దాని మీద నిలుస్తుంది.

రెండవ ప్రమాదం పక్కకు పడిపోవడం. ట్రాలీ రెండు చక్రాల నడుమ దూరం 1.6 మీటర్లు అనుకుందాం. గరిమనాభి మధ్యలో ఉన్నప్పుడు ఇరువైపులా 0.8 మీటర్ల భద్రత ఉన్నది. నిండుతొట్టి లేచినప్పుడు గరిమనాభి నేలకు 2 మీటర్ల ఎత్తున ఉంటుంది. నేల పక్కకు 10 డిగ్రీలు వాలి ఉంటే గరిమనాభి 0.35 మీటర్లు పక్కకు జరిగినట్లు లెక్క. మిగిలినది 0.45. మట్టి ఒక వైపు జారి మరొక వైపు అంటుకుపోతే ఇంకొక 0.3 మీటర్లు పోవచ్చు. మిగిలినది 0.15. అప్పుడే పోసిన మెత్తని మట్టిలో పల్లపు వైపు చక్రం ఒక జానెడు దిగబడితే ఆ మిగిలినదీ చాలదు. ట్రాలీ బోల్తా పడుతుంది, ఒక్కొక్కసారి ట్రాక్టరును కూడా తనతో తిప్పేస్తుంది. తొట్టిని లేపేముందు నేల చదునుగా, గట్టిగా ఉన్నదో లేదో చూడమని పెద్దలు చెప్పేది ఈ లెక్క వల్లనే.

మూడవది అన్నిటికన్న బాధాకరమైనది. మట్టి కోసం చేసిన బండిలో మనుషులను ఎక్కించడం. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళుతున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. వారిలో అత్యధికులు పొలం పనికి బయలుదేరిన స్త్రీలు. ట్రాలీకి స్ప్రింగులు లేవు, పట్టుకోవడానికి కడ్డీలు లేవు. అది బోల్తా కొట్టడానికే పుట్టిన బండి. నెత్తి మీది తట్టను తప్పించిన యంత్రమే ఆ తట్ట మోసిన చేతులను బలి తీసుకోవడం కన్న విషాదమేమున్నది?

మనం చేయగలిగినది

2015 మార్చి 12న తెలంగాణలో మిషన్ కాకతీయ పథకం ప్రారంభమైంది. 46,531 చెరువులు, కుంటల పునరుద్ధరణ దాని లక్ష్యం. పూడిక తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. వేలాది ట్రాలీలు చెరువులకూ చెల్కలకూ నడుమ తిరిగాయి. చెరువు అడుగున చేరిన సన్నని బంకమట్టిలో సేంద్రియ పదార్థం, పోషకాలు ఉంటాయి. ఎర్ర చెల్క నేలకు అది తగిలితే తేమను నిలుపుకునే శక్తి పెరుగుతుంది. తొట్టికి అంటుకొని డ్రైవరును విసిగించిన ఆ పుటల ఖనిజమే పొలంలో నీటిని పట్టి ఉంచి పైరును కాపాడుతుంది. ఒకే గుణం ఒకచోట దోషం, మరొకచోట వరం.

యంత్రాలు దేశాలు దాటడం తేలిక. ఐషర్ ట్రాక్టరు బవేరియా నుండి ఫరీదాబాదుకు, అక్కడి నుండి మా ఊరికి వచ్చింది. కాని దానితో పాటు ఉండవలసిన ఇనుపకర్ర, దానిని ఆనించే అలవాటు మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోయాయి. సెలవులకు స్వగ్రామం వెళ్ళినప్పుడు మనం బంధువులకు గడియారాలు, చాక్లెట్లు తీసుకువెళతాము. ఈసారి ఊళ్ళో ట్రాలీ ఉన్నవారిని నాలుగు మాటలు అడగండి. లేపిన తొట్టికి ఊత ఉన్నదా? రబ్బరు గొట్టం మార్చి ఎన్నేళ్ళయింది? ఎక్కడ తిరగబోస్తున్నారో ఆ నేల గట్టిదేనా? కూలీలను అందులో ఎక్కిస్తున్నారా? ఊత చేయించడానికి ఊరి కమ్మరికి ఒక పూట పని చాలు.

మా చిన్నాన్న ఆ తర్వాత ఎడమచేత్తో ట్రాక్టరు నడపడం నేర్చుకున్నాడు, తనదే ఒక ట్రాలీ కొన్నాడు. దానిలో ఎప్పుడూ ఒక తుమ్మ దుంగ ఉండేది. తొట్టి లేపినప్పుడల్లా దానిని కింద ఆనించనిదే ఎవరినీ దగ్గరకు రానిచ్చేవాడు కాడు. మా అమ్మాయికి ఈ కథ చెప్పినప్పుడు ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఆ తాతకూ మన చిన్నతాతకూ ఒకటే తెలుసన్న మాట” అన్నది. అవును, ఒకటే తెలుసు. ఒకరు పుస్తకం చదివి నేర్చుకున్నారు, మరొకరు చెయ్యి ఇచ్చి నేర్చుకున్నారు. మన పిల్లలు, మన ఊళ్ళ పిల్లలు మొదటి దారిలోనే నేర్చుకోవాలని ఈ నాలుగు మాటలు రాశాను.